నూరువరహాలు: ఉప్పునీటి ఊళ్లలో పెంచడం ఎలా?

“మా నూరువరహాల ఆకులు పచ్చబడిపోయాయండీ” అని ఎవరైనా ఫోను చేస్తే, ఏ పచ్చ అని అడగాలి. మన భాషలో ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే. కానీ ఆ ఫోను ఒంగోలు నుంచో కావలి నుంచో వచ్చిందంటే నేనిక అడగను. అది పసుపుపచ్చే. కొత్త ఆకు లేతపసుపుగా వస్తుంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి, గుత్తులు చిక్కిపోతాయి, ఏడాది తిరిగేసరికి మొక్క కట్టెపుల్లలా నిలబడుతుంది. మొక్క చెడ్డదని కొందరు, కొన్న నర్సరీ చెడ్డదని కొందరు అంటారు. తొంభై పాళ్లు తప్పు నీళ్లది, సున్నానిది.

ఈ ప్రశ్నకు విడివిడిగా జవాబు చెప్పడం ఎక్కువైపోయింది కాబట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకచోట రాస్తున్నాను.

నూరువరహాలు దక్షిణ భారతానికి, శ్రీలంకకు చెందిన మొక్క. కాఫీ కుటుంబంలోనిది. మన ఎండ దానికి కొత్త కాదు. ఒకసారి నిలదొక్కుకుంటే ఏళ్ల తరబడి బతుకుతుంది, దాదాపు ఏడాది పొడుగునా పూస్తుంది. పువ్వు గొట్టం సన్నగా, అంగుళం పైన పొడవుంటుంది, తేనె అడుగున ఉంటుంది. తేనెటీగ నాలుక అంత లోతు అందుకోలేదు. పొడవాటి తొండం చుట్టుకుని తిరిగే పెద్ద సీతాకోకచిలుకలకు, వంకర ముక్కు తేనెపిట్టలకు అందుతుంది. చిన్నప్పుడు పువ్వు మధ్యలోని దారం లాగి, దాని చివరి తేనెబొట్టును మనం నాకాం కదా, వాటికీ కావలసింది అదే.

ఏ రకం తెచ్చుకోవాలి?

నర్సరీల్లో రెండు తరహాలు కనిపిస్తాయి. ఒకటి నాటు ఎర్రది: పెద్ద ఆకు, పెద్ద గుత్తి, నాలుగైదు అడుగులు, వదిలేస్తే ఇంకా ఎత్తు. రెండోది పొట్టిది: చిన్న ఆకు, చిన్న గుత్తులు, రెండడుగులు దాటదు. ఎరుపు, పసుపు, గులాబీ, తెలుపు రంగుల్లో దొరుకుతుంది. చోటు ఉంటే నాటు ఎర్రదే పెట్టండి. తేనెపిట్ట పువ్వు ముందు గాలిలో నిలబడి తాగడం తక్కువ, కొమ్మ మీద వాలి తాగడం ఎక్కువ. పొట్టిరకం లేత కొమ్మ దాని బరువుకే ఊగుతుంది. కుండీలో పెంచేవాళ్లకు, బాల్కనీ వాళ్లకు పొట్టిది సరిపోతుంది, దానికీ సీతాకోకచిలుకలు వస్తాయి.

మన వైపు అమ్మే మొక్కల్లో చాలా భాగం కడియం నుంచి వ్యానుల్లో వచ్చినవే. అక్కడి గోదావరి నీళ్లకు అలవాటుపడ్డ మొక్కను తెచ్చి మన బోరు నీళ్లలో పెడుతున్నామని గుర్తుంచుకోండి. కొనేటప్పుడు పూలు చూడకండి, చిట్టచివరి లేత ఆకుల జత చూడండి. అది ముదురుతూ ఆకుపచ్చకు తిరుగుతుంటే మంచి మొక్క. సంచి అడుగు నుంచి వేళ్లు బయటికి వచ్చి చుట్టుకుని ఉంటే వద్దు.

కావలసినవి (ఒక మొక్కకు)

- ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంట, లేదా 14 అంగుళాల మట్టికుండీ
- ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఆకు ఎరువు గానీ కడిగిన కొబ్బరిపొట్టు గానీ ఒక పాలు
- గంధకం పొడి: గుంటకు ఒక గుప్పెడు, అంటే సుమారు 50 గ్రాములు. కుండీకి ఒక చెంచా చాలు
- అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 100 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 50 గ్రాములు. ఆకుల మీది పిచికారీకి ఇవి ఏడాదికి సరిపోతాయి
- మొదలు చుట్టూ కప్పడానికి సర్వి (సరుగుడు) తోపుల్లో రాలిన ఆకు, వేరుశనగ పొట్టు, ఎండుగడ్డి, ఏది దొరికితే అది

కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది. కొన్నది కొన్నట్టు కలిపితే రోగాన్ని మనమే తెచ్చి పెట్టినట్టు. మంచినీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, పిండి, మళ్లీ ఒకసారి అలాగే చేసి వాడండి.

1. ముందు మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోండి

ఇది దాటేసి గుంట తవ్వకండి. పరికరాలేవీ అక్కర్లేదు. మీ బోరు నీళ్లలో కందిపప్పు త్వరగా ఉడకదా? సబ్బు నురగ రాదా? బకెట్ అంచున తెల్లటి పొర కడుతుందా? మూడింటికీ అవుననే జవాబైతే నీళ్లు గట్టివి. నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు, రెండు మూడు వందలకు దొరికేది, ఉంటే ఇంకా మంచిది. నా లెక్క ఇది: మీటరు 500 పీపీఎం లోపు చూపిస్తే నిశ్చింతగా పెట్టండి. 1000 దాకా జాగ్రత్తలతో పెంచవచ్చు. 1500 దాటితే నేలలో వద్దు, కుండీలో పెట్టి వాననీళ్లు, కుళాయి నీళ్లు పోయండి.

ఇక్కడే అందరూ చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. మంచినీటి మిషను (ఆర్.ఓ.) వదిలేసే నీళ్లు వృథా పోనివ్వకూడదని గొట్టం తెచ్చి మొక్కలకు పెడతారు. ఆలోచన మంచిదే. కానీ ఆ మిషను మన తాగేనీటిలోంచి తీసిన ఉప్పంతా ఆ గొట్టంలోనే ఉంటుంది. ఆ నీళ్లు బోరు నీళ్ల కంటే ఉప్పన. ఇల్లు తుడుచుకోండి, నూరువరహాలకు మాత్రం వద్దు. ఏసీ నుంచి కారే నీళ్లు అలా కాదు, వాటిలో ఉప్పు ఉండదు. బకెట్ పెట్టి పట్టండి.

2. మట్టిని నిమ్మకాయతో పరీక్షించండి

గుప్పెడు ఎండుమట్టి పళ్లెంలో వేసి నిమ్మకాయ పిండండి. సన్నగా బుసబుసమని బుడగలు వస్తే మట్టిలో సున్నం ఉంది. ఈ మొక్కకు కాస్త పులుపు నేల ఇష్టం, పి.హెచ్. 5.5 నుంచి 6.5 వరకు. కచ్చితంగా తెలుసుకోవాలంటే వ్యవసాయశాఖ భూసార పరీక్ష కేంద్రానికి మట్టి ఇవ్వండి.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి వాళ్లు గుంటలోని మట్టి మొత్తం తీసేసి ఎర్రమట్టి నింపాలి. అక్కడితో ఆగితే నల్లమట్టి మధ్యలోని ఆ గుంట వానకు తొట్టిలా నిండుతుంది. కాబట్టి చుట్టూ ఉన్న నేల కంటే ముప్పావు అడుగు ఎత్తుగా మడి కట్టి దాని మీద నాటండి. మైపాడు, కొత్తపట్నం వైపు ఇసుక నేలల వాళ్లకు నీరు నిలిచే బెడద లేదు, ఎరువు నిలవదు. వాళ్లు పశువుల ఎరువు రెండు పాళ్లు చేసుకోవాలి. కావలి వైపు ఎర్రనేలల వాళ్లు అదృష్టవంతులు, నీళ్లు బాగుంటే చాలు.

3. చోటు ఎంచుకోండి, గోడకు మాత్రం దూరంగా

రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి. ఉదయం ఎండ పూర్తిగా ఉండి, మూడు గంటల తర్వాత ఏదైనా చెట్టు నీడ పడితే మరీ మంచిది. పూర్తి నీడలో పెడితే ఆకులే, పూలు రావు.

నేను చేసిన తప్పు చెబుతాను. కొత్తగా ప్రహరీ కట్టి ప్లాస్టరింగ్ చేయించి, వరసగా బాగుంటుందని గోడకు జానెడు దూరంలో ఆరు మొక్కలు నాటాను. వాన పడినప్పుడల్లా సిమెంటులోని సున్నం వాటి వేళ్లలోకే దిగింది. ఆకులు పసుపెక్కితే ఆకలి అనుకుని యూరియా వేశాను, బలమని పొయ్యిబూడిద వేశాను. బూడిద సున్నానికి తమ్ముడు. ఆరింటిలో నాలుగు పోయాయి. మిగిలిన రెండింటినీ తవ్వి మూడడుగుల ఇవతల పెట్టాక తేరుకున్నాయి.

గోడకు మూడడుగులు వదలండి. మేస్త్రీలు కంకర, సిమెంటు కలిపిన చోట అసలు వద్దు. సిమెంటు కుండీలు చూడటానికి బాగుంటాయి, వాటిలోనూ ఇదే గొడవ. మట్టికుండీ గానీ ప్లాస్టిక్ తొట్టి గానీ వాడండి.

4. ఎప్పుడు నాటాలి?

తెలుగు తోటపని పుస్తకాల్లో జూన్ అని ఉంటుంది. అది తొలకరి బాగా పడే జిల్లాలకు. నెల్లూరు తీరానికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి వస్తుంది. హస్త, చిత్త కార్తెల్లో, అంటే సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మూడో వారం దాకా నాటితే మూడు నెలలు వాననీళ్లే తాగుతుంది, వేసవి వచ్చేలోపు వేళ్లు దిగుతాయి. పొదిలి, కనిగిరి వైపు వాళ్లు సెప్టెంబరు మొదట్లోనే కానిచ్చేయండి. జనవరి తర్వాత నాటేవాళ్లు రోహిణి కార్తెలో పొద్దునా సాయంత్రం బకెట్ మోయడానికి సిద్ధపడాలి.

5. నాటడం

గుంట తవ్వి వారం ఎండనివ్వండి. మట్టి మిశ్రమంలో గంధకం కలిపి నింపి, ఒకసారి తడిపి, నాలుగు రోజులు వదలండి. గంధకం నెమ్మదిగా పని చేస్తుంది, నెలలు పడుతుంది. రెండో రోజుకే ఫలితం వెతకకండి.

సాయంత్రం పూట నాటండి. సంచిని కత్తిరించి తీయండి, మొక్కను లాగవద్దు. వేరుముద్ద పైభాగం నేల మట్టానికి సమానంగా ఉండాలి. కాండం మట్టిలో పూడితే కుళ్లుతుంది. రెండు మొక్కల మధ్య నాటురకానికి మూడడుగులు, పొట్టిరకానికి ఒకటిన్నర అడుగు. మొదటి పది రోజులు మధ్యాహ్నం పూట పాత చీర ముక్కతో నీడ కట్టండి.

ఒక మొక్క ఉన్నవాళ్లు రెండోది కొననక్కర్లేదు. వానాకాలంలో పెన్సిలు మందం కొమ్మను ఐదారు అంగుళాలు కోసి, కింది ఆకులు తీసి, పైన రెండు ఆకులను సగానికి కత్తిరించి, ఇసుకా కడిగిన కొబ్బరిపొట్టూ సమంగా కలిపిన దానిలో గుచ్చండి. పైన పాలిథిన్ సంచి బోర్లించి నీడలో ఉంచితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వేళ్లు వస్తాయి. పది గుచ్చితే నాకు ఐదారు వస్తాయి. వేళ్లు వచ్చాయేమో అని మధ్యలో పీకి చూసేవాళ్లకు ఒక్కటీ రాదు.

6. నీళ్లు

వేలు రెండు కణుపులు మట్టిలోకి దించండి. పొడిగా తగిలితే పోయండి, చల్లగా తగిలితే ఆగండి. మొదటి ఏడాది వేసవిలో రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికి రెండు సార్లు సరిపోతుంది. రోజూ చెంబెడు కాకుండా, పోసిన నాడు నిండుగా పోయండి. కొంచెం కొంచెం పోస్తే ఉప్పు కిందికి దిగకుండా వేళ్ల దగ్గరే పేరుకుంటుంది.

గట్టినీళ్లు తప్ప గతి లేనివాళ్లు పది లీటర్ల బకెట్‌లో 2 గ్రాములు, అంటే అర చెంచా కంటే తక్కువ, నిమ్మ ఉప్పు కరిగించి పోయండి. ఇది నీటిలోని సున్నపు గుణాన్ని కొంత విరుస్తుంది. ఉప్పదనం మాత్రం తీయలేదు. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలనుకోవద్దు. నవంబరు వానల్లో మిద్దె మీది నీళ్లు రెండు డ్రమ్ములు పట్టి మూతవేసి ఉంచుకుంటే నాలుగు మొక్కలకు చాలా వారాలు వస్తాయి. మూత లేకపోతే దోమలకు ఊరవుతుంది.

తుపాను వచ్చినప్పుడు మొదట్లో నీరు నిలిస్తే అదే రోజు కాలువ తీసి వదిలేయండి. ఎండను తట్టుకునే ఈ మొక్క నిలవనీటిని తట్టుకోదు. ఫిబ్రవరిలోనే మొదలు చుట్టూ సర్వి ఆకు రెండంగుళాల మందం పరవండి, కాండానికి తగలకుండా నాలుగు వేళ్ల దూరం వదిలి.

7. ఎరువు

రెండు నెలలకోసారి రెండు దోసిళ్ల వానపాముల ఎరువు. గుత్తులు చిన్నవవుతుంటే నాటురకానికి 10 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ మొదలుకు దూరంగా చల్లి నీళ్లు పోయండి. యూరియా కంటే ఇది మేలు, నేలను కాస్త పులుపు వైపు తిప్పుతుంది.

వేయకూడనివి: బూడిద, గుడ్డుపెంకులు, సున్నం. గుడ్డుపెంకుల పొడి అన్ని మొక్కలకూ అమృతమని చెప్పే వీడియోలు చూసి దీనికి వేయకండి.

8. కత్తిరింపు

పువ్వు కొమ్మ చివరే పూస్తుంది. అపార్ట్‌మెంట్లలో పెద్ద కత్తెరతో నెలనెలా పెట్టెలా చదును చేస్తారు, తర్వాత పూయడం లేదంటారు. మొగ్గలన్నీ ఆ చెత్తబుట్టలోనే ఉంటాయి. ఏడాదికి ఒకసారి, ఫిబ్రవరి మొదట్లో, ప్రతి కొమ్మను మూడో వంతు తగ్గించండి. మే నెలలో కత్తెర ముట్టుకోవద్దు. వాడిన గుత్తులు తుంచితే కొత్తవి త్వరగా వస్తాయి, కానీ అన్నీ తుంచవద్దు. కొన్ని వదిలేస్తే చిన్న కాయలు కాసి ఎర్రబడి, నల్లబడతాయి. పిగిలిపిట్టలు వాటికోసం వస్తాయి.

ఆకు పసుపెక్కితే: ఏ ఆకు, ఏ పసుపు?

మందు వేసే ముందు మొక్క దగ్గర ఐదు నిమిషాలు కూర్చోండి.

కొత్త ఆకు పసుపు, ఈనెలు ఆకుపచ్చ: ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము ఉన్నా సున్నం దాన్ని పట్టి ఉంచుతుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే.

కింది ముసలి ఆకులు మొత్తంగా పసుపు, పైవి బాగున్నాయి: ఆకలి. ఎరువు వేయండి.

ఆకు అంచులు గోధుమరంగుకు కాలినట్టున్నాయి: ఉప్పు. మంచినీళ్లు దొరికిన రోజు మూడు నాలుగు బకెట్లు నెమ్మదిగా పోసి ఉప్పును కిందికి దించండి.

మట్టి తడిగా ఉన్నా మొక్క వాలిపోయింది: వేరుకుళ్లు. నీళ్లు ఆపి, మట్టి వదులు చేయండి. సగం సందర్భాల్లో అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది.

ఇనుము లోపానికి మందు: లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు, తర్వాత 5 గ్రాముల అన్నభేది కరిగించి, వడకట్టి, సాయంత్రం ఆకుల పైనా కిందా పిచికారీ చేయండి. కలిపిన రోజే వాడేయాలి. నిలవ ఉంటే తుప్పురంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది. వాననీళ్లలోనో ఏసీ నీళ్లలోనో కలపండి. వారం, పది రోజుల ఎడంతో మూడు సార్లు. అన్నభేది మరక గచ్చు మీద, బట్టల మీద, గ్రానైట్ మీద పడితే పోదు. గ్రానైట్ ఊరు చీమకుర్తిలో ఉండే మా బంధువుల ఇంటి మెట్ల మీద నేను చేసిన మరక ఇప్పటికీ ఉంది, వెళ్లినప్పుడల్లా చూపిస్తారు.

అన్నభేదిని మట్టిలో పోస్తే సున్నపు నేలలో అది మళ్లీ బందీ అయిపోతుంది. మట్టిలోనే వేయాలనుకుంటే ఇ.డి.డి.హెచ్.ఎ. రూపంలో ఉన్న ఇనుము అడగండి, ఖరీదైనా సున్నపు నేలలో పని చేసేది అదే. దుకాణంలో ఎక్కువగా ఇచ్చేది ఇ.డి.టి.ఎ. రూపం, అది సున్నపు నేలలో త్వరగా విడిపోతుంది.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది? పిచికారీకి ముందు చిట్టచివరి ఆకుల జత కింద దారం కట్టండి. మూడు, నాలుగు వారాలకు దారం పైన వచ్చిన ఆకులు చూడండి. అవి ఆకుపచ్చగా ఉంటే మందు పట్టింది. దారం కింది ఆకులు పూర్తిగా తేరుకోకపోవచ్చు, వాటిని చూసి నిరాశపడి మోతాదు పెంచితే ఆకులు మాడతాయి. ఆరు నెలల్లో పసుపు మళ్లీ వస్తే మందు తప్పు కాదు, నీళ్లు మారలేదని అర్థం. 1వ మెట్టుకు వెనక్కి వెళ్లండి.

పురుగులు

పిండినల్లి, పొలుసు పురుగు, వాటి వెంట చీమలు, చీమల వెంట ఆకుల మీద నల్లటి మసి. నీటి గొట్టంతో గట్టిగా కొట్టండి, సగం పోతాయి. మిగిలినవాటికి లీటరుకు 5 మి.లీ. వేపనూనె, చిక్కటి కుంకుడు రసం రెండు చెంచాలు కలిపి, పొద్దు వాలాక, పువ్వుల మీద పడకుండా ఆకుల అడుగున కొట్టండి. పొలానికి తెచ్చిన పురుగుమందు మిగిలింది కదా అని దీనికి కొట్టవద్దు. తేనెపిట్ట తాను తేనె తాగినా పిల్లలకు పెట్టేది పురుగులు, సాలీళ్లే.

ఎవరు వస్తున్నారో చూడండి

ఉదయం తొమ్మిది ప్రాంతంలో అప్పుడే విచ్చిన పువ్వు మధ్య దారం లాగి చూడండి. చివర మెరిసే బొట్టు ఉంటే విందు సిద్ధం. పువ్వులున్నా సీతాకోకచిలుకలు రావడం లేదంటే వాటి పిల్లలకు తిండి దగ్గరలో లేదేమో చూడండి. తేనె తాగేది ఒక మొక్క మీద, గుడ్లు పెట్టేది వేరే మొక్క మీద. నల్లరెక్కల మీద తెల్లచుక్కల వరుస ఉన్నదీ, నలుపు పసుపు గళ్ల నిమ్మ సీతాకోకచిలుకా నిమ్మజాతి మొక్కల మీద గుడ్లు పెడతాయి. పొదలకూరు, గూడూరు నిమ్మతోటల దగ్గర ఉన్నవాళ్లకు వీటికి కొదవ ఉండదు. మిగతావాళ్లు ఒక నిమ్మమొక్కో కరివేపాకో పెట్టి, దాని మీద పిట్టరెట్టలా కనిపించే చిన్న పురుగును నలపకుండా వదిలేయండి. నాలుగు రెబ్బల కరివేపాకు పోతుంది, అంతే. నల్లరెక్కలు, ఎర్రటి ఒళ్లు ఉన్నది కావాలంటే కంచెకు ఈశ్వరి తీగ పాకించండి. కషాయాలకు మాత్రం ఆ తీగ వాడవద్దు, మూత్రపిండాలను పాడు చేస్తుంది.

సీతాకోకచిలుకల కోసమని కొందరు లాంటానా పెడుతుంటారు. వస్తాయి, నిజమే. కానీ అడవులను ఆక్రమించి పశువుల మేతను మింగేసిన కంప అది, పెరట్లోకి పిలవకండి. మీ నేలలో సున్నం మరీ ఎక్కువైతే హమీలియా పెట్టండి. అదీ కాఫీ కుటుంబమే, నారింజరంగు గొట్టాల పువ్వులు, సున్నపు నేలను నూరువరహాల కంటే చాలా మెరుగ్గా ఓర్చుకుంటుంది, తేనెపిట్టలు దానికీ అంతే చనువుగా వస్తాయి.

పొద పక్కన వెడల్పాటి మట్టిమూకుడులో తడి ఇసుక పెట్టండి, మగ సీతాకోకచిలుకలు తడి పీల్చడానికి వాలతాయి. ఇంకోదానిలో రెండు వేళ్ల లోతు నీళ్లు పిట్టలకు. రోజూ మార్చాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొద పక్క కొమ్మకో, వసారాలోని బట్టల తీగకో బూజు, ఎండుటాకులు చుట్టిన చిన్న సంచి వేలాడుతుంటే చీపురు ఎత్తవద్దు. అది తేనెపిట్ట గూడు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ తీగ మీద బట్టలు ఆరేయడం మానేసి, వాటిని మిద్దె మీద ఆరేసుకోండి.